ప్రోబయోటిక్ సాచెట్ కొనే ముందు అట్ట వెనక్కి తిప్పి చదవండి

రాజాంలో మెడికల్ షాపు కౌంటర్ వెనకాల నించుని రాస్తన్నాను ఇది. మా ఊరు మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్‌లో విజయనగరంలో కలిపీసారు, జిల్లా మారింది గానీ షాపుకొచ్చి అడిగే మాట మారలేదు, "బాబూ, కడుపు బాగోలేదు, ఆ తాగే సీసాలు రెండు ఇయ్యి". ఎవరికమ్మా, ఎన్నాళ్ళ నుంచి, యాంటీబయోటిక్ ఏదైనా వాడుతున్నారా అని అడిగితే కొందరు ఓపిగ్గా చెప్తారు, కొందరు "నువ్వు డాక్టరువేటి, ఇస్తావా ఇయ్యవా" అని కస్సుమంటారు. అంచేత నేను అడిగే ప్రశ్నలు, వాటికొచ్చే జవాబుని బట్టి ఏది ఇస్తాను, ఏది వద్దంటాను అన్నది ఇక్కడ రాసీస్తన్నాను, మీ ఊరి షాపులో ఎవరూ అడక్కపోయినా మీకు మీరే అడుక్కోవచ్చు.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. ప్రోబయోటిక్ అన్నది ఒక్క మందు పేరు కాదు. షాపుకొచ్చి "ఒక యాంటీబయోటిక్ ఇయ్యి" అంటే ఎలగుంటుందో "ఒక ప్రోబయోటిక్ ఇయ్యి" అన్నా అలగే ఉంటుంది, ఏ రోగానికి, ఏ రకం, ఎంత డోసు అన్నది లేకపోతే ఆ మాటకి అర్థమే లేదు. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ పిలిచిన నిపుణులు పెట్టిన నిర్వచనం కూడా ఇదే చెప్తుంది, బతికున్న సూక్ష్మజీవులు, సరిపడినంత లెక్కలో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసేవి అని. అంటే బతికుండాలి, చాలినంత ఉండాలి, మేలు చేస్తాయని తేలుండాలి. ఈ మూడిట్లో ఏది తప్పినా మీరు కొన్నది ఖరీదైన పిండి.

మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి ఇవీ. చిన్న ప్లాస్టిక్ సీసాల్లో వచ్చేది బాసిల్లస్ క్లాసీ, ఎంటెరోజెర్మినా అంటే అందరికీ తెలుసు, మామూలు 5 మిల్లీల సీసాలో 200 కోట్ల స్పోర్లు ఉంటాయి. స్పోరు అంటే ఆ బాక్టీరియా గట్టి తొడుగు వేసుకుని నిద్రపోతన్న రూపం అనుకోండి, వేడికీ కడుపులో యాసిడ్‌కీ అంత తొందరగా చావదు. ఇదే కుటుంబంలో బాసిల్లస్ కోయాగులాన్స్ అని ఇంకోటి ఉంది, చాలా మాత్రల అట్టల మీద దాన్ని ఇప్పటికీ లాక్టోబాసిల్లస్ స్పోరోజెన్స్ అనే పాత పేరుతోనే వేస్తన్నారు, రెండూ వేరనుకుని రెండూ కొనకండి. తర్వాతది సాకరోమైసిస్ బౌలార్డీ, ఎకోనార్మ్ లాంటి సాచెట్లలో వచ్చేది, ఇది బాక్టీరియా కాదు, ఈస్టు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆన్రీ బౌలార్డ్ 1920లలో ఇండోచైనాలో కలరా వచ్చినప్పుడు అక్కడివాళ్ళు లిచీ, మాంగోస్టీన్ తొక్కలు కాచుకుని తాగడం చూసి వాటి నుంచి దీన్ని వేరు చేసాడు. ఇక లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం రకాలు, వీటిల్లో ర్యామ్నోసస్ జీజీ అనేదాని మీద పరిశోధన చాలా జరిగింది, ఆ జీజీ అన్నది దాన్ని కనిపెట్టిన గోర్బాక్, గోల్డిన్ ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు.

యాంటీబయోటిక్ వాడుతుంటే

ప్రోబయోటిక్ అడిగితే నేను వెంటనే ఇచ్చీసేది ఈ ఒక్క సందర్భంలోనే. యాంటీబయోటిక్ చెడ్డ క్రిమిని చంపుతూ చంపుతూ పేగుల్లో మనకి పనికొచ్చేవాటిని కూడా చంపీస్తుంది, దాంతో చాలామందికి కోర్సు మధ్యలోనో అయిపోయాకో విరేచనాలు పట్టుకుంటాయి, ముఖ్యంగా అమాక్సిసిలిన్-క్లావులనేట్ వాడే చిన్నపిల్లలకి. 2019లో కోక్రేన్ సంస్థ 33 పరిశోధనలు, ఆరువేల పైచిలుకు పిల్లల లెక్కలు కలిపి చూస్తే, యాంటీబయోటిక్‌తో పాటు ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళలో 100కి 8 మందికి విరేచనాలు అయ్యాయి, తీసుకోనివాళ్ళలో 100కి 19 మందికి. తేడా చిన్నదేం కాదు. కానీ ఇదే లెక్కలో ఇంకో ముక్క ఉంది, ఎవరూ చూడరు, రోజుకి 500 కోట్లు, అంటే అట్ట మీద 5 బిలియన్ అని ఉండేది, అంతకు తగ్గకుండా ఇచ్చినప్పుడే ఫలితం బాగా కనపడింది. 6 కోట్లో 12 కోట్లో ఉన్న చప్పరించే మాత్ర ఒకటి వేసీసి ప్రోబయోటిక్ ఇచ్చాం అనుకుంటే ఆ లెక్కకి ఎక్కడా అందదు.

వాడే పద్ధతి ఏటంటే, యాంటీబయోటిక్ మొదలుపెట్టిన రోజే ఇదీ మొదలెట్టాలి, విరేచనాలు పట్టుకున్నాక పరిగెత్తుకుని వచ్చేకన్నా అదే మేలు. బాక్టీరియా రకమైతే యాంటీబయోటిక్‌కీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి, లేకపోతే ఒక చేత్తో పోసింది ఇంకో చేత్తో చంపినట్టే. పొద్దున్న 8కి యాంటీబయోటిక్ వేసుకుంటే 10 దాటాక ఇది, అంతే, కష్టం ఏమీ లేదు. బౌలార్డీ ఈస్టు కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని ఏమీ చెయ్యలేదు, ఎడం మర్చిపోయే ఇళ్ళకి నేను అదే ఇస్తాను. కాకపోతే ఫంగస్‌కి ఫ్లూకొనజోల్ లాంటి మాత్ర వేసుకుంటుంటే ఆ మందు ఈస్టుని కూడా చంపీస్తుంది, తామర, గజ్జల్లో దురదలకి ఆ మాత్రలు వాడేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు, షాపులో ఆ ముక్క చెప్పండి.

కోర్సు అయిపోయాక ఒక వారం, మహా అయితే రెండు వారాలు. అక్కడితో ఆపీండి. "మంచిదే కదా, ఉండనీ" అని నెలల తరబడి తాగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటుంది, 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు యాంటీబయోటిక్ వాడినవాళ్ళని చూస్తే, ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళ పేగుల్లో సొంత బాక్టీరియా తిరిగి నిలదొక్కుకోడానికి, ఏమీ తీసుకోనివాళ్ళ కన్నా ఎక్కువ కాలం పట్టింది. చిన్న పరిశోధనే, దాన్ని పట్టుకుని ప్రోబయోటిక్ విషం అనక్కర్లేదు, కానీ బయట నుంచి పోసిన జనం ఎక్కువైపోతే ఇంటివాళ్ళకి చోటు దొరకదు అన్నమాట నిజమేనేమో అనిపిస్తుంది.

ఇంకోటి, కొన్ని యాంటీబయోటిక్ మాత్రల పేరు చివర ఎల్‌బీ అని ఉంటుంది, మాత్రలోనే లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్ కలిపీసారన్నమాట. అది ఉంది కదా అని ధైర్యపడకండి, అందులో వేసే లెక్క పైన చెప్పిన 500 కోట్లకి చాలా దూరం, పైగా ఎడం ఇవ్వడానికి కూడా వీల్లేదు, రెండూ ఒకే మాత్రలో పొట్టలోకి దిగుతాయి.

అసలు జలుబుకీ మామూలు గొంతునొప్పికీ యాంటీబయోటిక్ కొనడం మానేస్తే ఈ గొడవే ఉండదు, అది వేరే కథ.

నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే

గుంటలకి, అంటే చిన్నపిల్లలకి, వాంతులు, నీళ్ళ విరేచనాలు అయితే మొదట అడిగేది ఆ సీసాలే. నేను ముందు ఓఆర్‌ఎస్ చేతిలో పెడతాను, తర్వాతే మాట్లాడతాను. 2018లో అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో రెండు పెద్ద పరిశోధనలు చేసారు, ఒకదాన్లో 971 మంది పిల్లలు, ఇంకోదాన్లో 886 మంది, సగం మందికి నిజం ప్రోబయోటిక్, సగం మందికి ఉత్త పొడి, చివరికి చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. 2020లో కోక్రేన్ వాళ్ళు 82 పరిశోధనలు కలిపి చూసినా, రెండ్రోజులకి మించి విరేచనాలు అయ్యేవాళ్ళ లెక్కలో పెద్ద మార్పు కనపడలేదు. అంచేత ఇస్తే తప్పు లేదు గానీ, ఇచ్చాం కదా అని ఓఆర్‌ఎస్ మానీస్తే మాత్రం పెద్ద తప్పు, గుంటల ప్రాణం తీసేది క్రిమి కన్నా ఒంట్లో నీళ్ళు పోవడమే.

ఓఆర్‌ఎస్ కలపడంలో కూడా జనం చాలా తికమక పడతారు. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం పొడి ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో, ఒక్కసారే. సగం పొడి గ్లాసులో వేసీసి మిగతాది ముడేసి పెట్టకండి, ఉప్పు పాళ్ళు తేడా అయిపోతాయి. 200 మిల్లీలకి చిన్న సాచెట్లు కూడా ఉన్నాయి, ఏది కొన్నారో చూసుకుని నీళ్ళు కొలవండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో కొంచెం కొంచెం పట్టండి. పిల్లలకైతే జింకు కూడా ఉండాలి, ఆరు నెలలు దాటినవాళ్ళకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల లోపు వాళ్ళకి 10, విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ పూర్తి చెయ్యాలి, ఇది మన ప్రభుత్వం చెప్పిన లెక్క. ప్రోబయోటిక్ మీద పెట్టే డబ్బుల్లో నాలుగో వంతు పెట్టినా ఇవి వచ్చీస్తాయి, అందుకేనేమో వీటికి టీవీలో అడ్వర్టైజ్‌మెంట్ పెద్దగా రాదు.

అట్టపెట్టె జ్యూస్ ఓఆర్‌ఎస్ కాదు. ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించుకుని పంచదార నీళ్ళు ఏళ్ళ తరబడి అమ్మారు మన దేశంలో, హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ పట్టుబట్టి పోరాడితే 2025 అక్టోబర్‌లో తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆర్డర్ వేసింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

2024 అక్టోబర్‌లో మా విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చినప్పుడు అందరూ చూసారు కదా, నీళ్ళు పాడైతే ఊరు ఊరే మంచం పట్టీసింది. అలాంటప్పుడు ఏ సాచెట్టూ కాపాడదు, నీళ్ళు కాచుకోవడం, క్లోరిన్ వెయ్యడం, విరేచనాలు మొదలవ్వగానే ఓఆర్‌ఎస్ పట్టడం, పీహెచ్‌సీకి వెళ్ళడం, అంతే. మలంలో రక్తం పడినా, జ్వరం బాగా ఎక్కువున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, పిల్లల కళ్ళు లోతుకి పోయి మగతగా ఉన్నా షాపుకి రాకండి, నేరుగా ఆసుపత్రికి పోండి. విరేచనాలు బిగబట్టే మాత్ర లోపెరమైడ్ చిన్నపిల్లలకి అస్సలు వెయ్యకూడదు, ఎవరు చెప్పినా సరే.

గ్యాసు, ఉబ్బరం, మోషన్ సరిగ్గా అవ్వకపోవడం

ఇక్కడే జనం ఎక్కువ డబ్బులు తగలేస్తన్నారు. గ్యాసు అని వచ్చినవాళ్ళకి ప్రోబయోటిక్ అమ్మడం చాలా తేలిక, పెద్ద ప్యాకెట్టు, మంచి మార్జిను. కానీ ముందు వాళ్ళు ఏం మందులు వాడుతున్నారో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకి గ్యాసు, పల్చగా మోషన్ అవ్వడం చాలా మామూలు, కొత్తగా మొదలెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు మరీ. దానికి చెయ్యాల్సింది మాత్ర అన్నంతో పాటు వేసుకోవడం, అప్పటికీ తగ్గకపోతే నిదానంగా కరిగే రకం మెట్‌ఫార్మిన్‌కి మార్చమని డాక్టర్ని అడగడం, మీ అంతట మీరు షుగర్ మాత్ర ఆపీడం కాదు. ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవాళ్ళకి మోషన్ గట్టిపడి నల్లగా వస్తుంది. కాల్షియం కూడా బిగిస్తుంది. మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్పులు పల్చగా చేస్తాయి. వీటన్నిటికీ పైన ప్రోబయోటిక్ పోస్తే ఏటి లాభం?

పాలు తాగితేనే ఉబ్బరం వస్తుందనుకోండి, అది లాక్టోజ్, అంటే పాలల్లో ఉండే చక్కెర, అరగకపోవడం అయ్యుండొచ్చు, వారం పది రోజులు పాలూ పాల టీ ఆపి చూడండి, పెరుగు మాత్రం తినొచ్చు, పెరుగులో ఉండే బాక్టీరియా ఆ లాక్టోజ్‌ని అరిగించడానికి సాయపడుతుందని గట్టిగా తేలింది, ప్రోబయోటిక్ గురించి చెప్పే పది మాటల్లో ఇంత గట్టిగా తేలినవి తక్కువ.

ఏళ్ళ తరబడి కడుపునొప్పి, ఓ రోజు మలబద్ధకం ఓ రోజు విరేచనాలు, డాక్టరు చూసి ఐబీఎస్ అన్నారు, అలాంటివాళ్ళ సంగతి వేరు. వీళ్ళలో కొంతమందికి ప్రోబయోటిక్ పనిచేస్తుంది, కొంతమందికి చెయ్యదు, ఎవరికి చేస్తుందో ముందే చెప్పే పరీక్ష లేదు. డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి, అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘాలు అంత మొగ్గు చూపవు, బ్రిటిష్ వాళ్ళు 2021లో 12 వారాల వరకు వాడి చూడొచ్చు, బాగుపడకపోతే మానీండి అన్నారు. నాకు బ్రిటిష్ వాళ్ళ పద్ధతే నచ్చుతుంది. ఒకే రకం, ఒకే డోసు, కనీసం నాలుగు వారాలు మానకుండా, రోజూ క్యాలెండర్ మీద నొప్పి ఎంతుంది, మోషన్ ఎలా అయ్యింది చిన్న గుర్తు పెట్టుకోండి, నాలుగు వారాలకి ఏ మార్పూ లేకపోతే ఆ రకం మీకు పడలేదన్నమాట. అదే టైములో తిండి, మాత్రలు అన్నీ మార్చీస్తే దేనివల్ల తగ్గిందో దేవుడికే తెలియాలి. మొదటి నాలుగైదు రోజులు గ్యాసు కొంచెం పెరగొచ్చు, అది మామూలే, సగం డోసుతో మొదలెడితే నయం.

యాభై దాటాక కొత్తగా మోషన్ పద్ధతి మారిపోయినా, బరువు తగ్గిపోతున్నా, రక్తం తక్కువుందని తేలినా, రాత్రి నిద్రలో లేచి మరీ వెళ్ళాల్సి వస్తున్నా దాన్ని గ్యాసు అనుకోకండి. శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది, వైజాగ్‌లో కేజీహెచ్ ఉంది, ఎక్కడో ఒక దగ్గర చూపించుకోండి. నెలల తరబడి షాపులోనే సర్దుకుపోయేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది.

పైడితల్లి పండగ వారం తినీసి వచ్చిన ఉబ్బరానికి ఇవేవీ అక్కర్లేదు, ఓ పూట మజ్జిగన్నం చాలు.

అట్ట మీద ఏం చూడాలి

పూర్తి పేరు ఉండాలి. ఉత్త "లాక్టోబాసిల్లస్" అని ఉంటే సగం పేరే, జాతి తర్వాత రకం, ఆ తర్వాత ఒక అక్షరమో అంకెలో ఉంటుంది, జీజీ లాగ, 35624 లాగ. ఆ చివరి ముక్కే స్ట్రెయిన్. పరిశోధన జరిగేది స్ట్రెయిన్ మీద, అందులో ఒకటి పనిచేసింది అంటే దాని చుట్టాలన్నీ పనిచేస్తాయని కాదు. "14 రకాల బాక్టీరియా" అని పెద్దగా వేసింది చూసి మురిసిపోకండి, ఎక్కువ రకాలు ఉంటే ఎక్కువ పనిచేస్తుందని రూలేం లేదు, మీ రోగానికి తేలిన ఒక్కటి ఉంటే చాలు.

తర్వాత లెక్క, సీఎఫ్‌యూ అని ఉంటుంది, ఎన్ని బతికున్నాయో చెప్పేది. 1 బిలియన్ అంటే 100 కోట్లు. మిల్లీగ్రాములు ఒక్కటే వేసి సీఎఫ్‌యూ వెయ్యకపోతే నాకు అనుమానం, బౌలార్డీకి మాత్రం 250 మిల్లీగ్రాములు అంటే సుమారు 500 కోట్లని లెక్క. ఆ లెక్క తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ దాకా ఉండేదా అన్నది కూడా చూడండి, రెండోది ఉంటే మంచి కంపెనీ. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉంటే అది ఫుడ్ సప్లిమెంట్ కింద వచ్చింది, అలాంటివాటి మీద రోగం నయం చేస్తుందని రాయకూడదు, మందుగా వాడేది కాదని రాసి ఉంటుంది కూడా. సీసా మీద ఉండే చిన్న అక్షరాలు చదవడానికి ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి, నేనైతే కౌంటర్లో అదే చేస్తాను, సిగ్గేం లేదు.

యాకుల్ట్ లాంటి డ్రింకుల్లో నిజంగానే లాక్టోబాసిల్లస్ కేసీ షిరోటా అనే మంచి స్ట్రెయిన్ ఉంది, 65 మిల్లీల సీసాలో 650 కోట్లు, కానీ పంచదార కూడా ఉంది, షుగర్ ఉన్నవాళ్ళు వెనకాల ఆ గ్రాములు చూసుకుని తాగండి.

దాచడం, తాగడం

మన వైపు ఏప్రిల్, మే ఎలగుంటాయో చెప్పక్కర్లేదు. బతికున్న సరుకుని బండి డిక్కీలో పడీసి సాయంత్రం దాకా తిరిగితే ఇంటికొచ్చేది శవాలే. స్పోర్ల రకాలు, అంటే ఆ ప్లాస్టిక్ సీసాలూ కోయాగులాన్స్ మాత్రలూ, 30 డిగ్రీల లోపు గదిలో ఉంటే ఫర్వాలేదు, నీడలో పెట్టండి, పొయ్యి పక్కన అల్మారాలో వద్దు. లాక్టోబాసిల్లస్, బిఫిడో రకాల్లో కొన్ని 2 నుంచి 8 డిగ్రీల్లో ఫ్రిజ్‌లో ఉండాలి, అట్ట మీద అలగ రాసుంటే షాపువాడు ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చాడో బయట రాక్‌లోంచి తీసాడో కళ్ళారా చూడండి, ఆన్‌లైన్లో తెప్పించుకునే ముందు కూడా ఇది ఆలోచించండి, పార్సిల్ ఎండలో ఎన్ని రోజులు తిరిగిందో ఎవరికి తెలుసు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటి వానాకాలం రోజుల్లో ఇంట్లో ఉంచుకోడానికి స్పోర్ల రకమో ఈస్టు సాచెట్టో కొనుక్కోవడమే తెలివైన పని.

తాగేటప్పుడు వేడి పాలు, వేడి టీలో వెయ్యకండి, గోరువెచ్చని దాకా ఓకే. బాగా చల్లటి నీళ్ళు, మద్యం రెండూ ఈస్టుకి పడవు. సాచెట్ కలిపాక వెంటనే తాగీండి. సీసా అయితే బాగా ఊపి, మూత తిప్పి, నేరుగా గానీ నీళ్ళలో గానీ తాగాలి. అది చూడ్డానికి ఇంజెక్షన్ ఆంప్యూల్ లాగే ఉంటుంది, తాగేది మాత్రమే, సూదిలో ఎక్కించేది కాదు, ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ చేయించుకునే అలవాటున్న ముసలివాళ్ళకి ఇస్తే ఈ మాట రెండుసార్లు చెప్పి ఇవ్వండి.

ఎవరు తమంతట తాము వాడకూడదు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి డాక్టరు చెప్పకుండా అస్సలు వద్దు, 2023లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీని మీద గట్టిగా హెచ్చరించింది. కీమో నడుస్తున్నవాళ్ళు, అవయవం మార్పిడి చేయించుకుని రోగనిరోధకం తగ్గించే మందులు వాడేవాళ్ళు, మెడ దగ్గరో ఛాతీ దగ్గరో పెద్ద నరంలో గొట్టం ఉన్నవాళ్ళు, ఐసీయూలో ఉన్నవాళ్ళు, వీళ్ళకి బతికున్న క్రిమి రక్తంలోకి పోతే ప్రమాదం. ఈస్టు సాచెట్ అయితే అలాంటి రోగి మంచం పక్కన విప్పకూడదు కూడా, పొడి గాల్లో లేచి గొట్టం మీద పడొచ్చు. నెదర్లాండ్స్‌లో క్లోమం (పాంక్రియాస్) వాపు తీవ్రంగా ఉన్న రోగులకి ప్రోబయోటిక్ ఇస్తే చనిపోయినవాళ్ళ లెక్క పెరిగింది, 2008లో ఆ ఫలితం వచ్చింది, అందుకే "బాక్టీరియానే కదా, ఏం చేస్తుంది" అని అనకూడదు.

ఉద్దానం వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తన్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, ఎక్కడ చూసినా కిడ్నీ జబ్బు ఎక్కువ, ఇంటికొకరు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) గురించి మాట్లాడతారు, ఈమధ్య "కిడ్నీకి మంచి ప్రోబయోటిక్" అని క్యాప్సూల్స్ కూడా అమ్మకానికి వస్తన్నాయి. వాటి వల్ల కిడ్నీ బాగుపడుతుందని గట్టి సాక్ష్యం లేదు. డయాలిసిస్‌కి గొట్టం వేసి ఉన్నవాళ్ళు, మార్పిడి అయినవాళ్ళు పైన చెప్పిన లిస్టులోకే వస్తారు. ఓఆర్‌ఎస్‌లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ పేషెంటుకి విరేచనాలు అయితే ఎంత తాగాలో డాక్టర్నే అడగండి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్ నుంచి ఉంది కదా.

షాపులో దొరకనివి

నేను మందులమ్మేవాడినే అయినా ఈ ముక్క రాయకుండా ఉండలేను. రోగం ఏమీ లేకుండా "కడుపు ఆరోగ్యం కోసం" అని వచ్చేవాళ్ళకి నేను సాచెట్ ఇవ్వను, ఇంటికెళ్ళి పెరుగు తోడేసుకోమంటాను. ఇంట్లో పెరుగు, మజ్జిగ, తరవాణి, చద్దన్నం, వీటిల్లో ఏ స్ట్రెయిన్ ఎంతుందో ఎవరూ కొలవలేదు కాబట్టి పైన చెప్పిన నిర్వచనం ప్రకారం వీటిని ప్రోబయోటిక్ అనలేం, రోజుల తరబడి తినడానికి మాత్రం ఇవే నయం. మజ్జిగ పులుసు కాచితే, పెరుగు వేసి కూర ఉడికిస్తే అందులో బతికుండేది ఏమీ ఉండదు, ఇడ్లీ దోశ కూడా అంతే, పిండి పులిసిందే గానీ పెనం మీదకి ఎక్కాక అన్నీ చస్తాయి, అరుగుదలకి తేలికే, లెక్కలోకి మాత్రం రావు. ఆవకాయ ప్రోబయోటిక్ అని ఎవరో వీడియోలో చెప్తే మా వదిన రెండు పూటలా వేసుకుంటంది, బీపీ మాత్ర వేసుకుంటూ అంత ఉప్పు తినడం ఏటి మరి.

చద్దన్నానికి చిన్న జాగ్రత్త ఉంది. వండిన అన్నం గిన్నెలో వేడిగా గంటల తరబడి మూసి ఉంచితే అందులో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషం చేస్తుంది, మళ్ళీ కాచినా ఆ విషం పోదు. అన్నం వార్చాక వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, చల్లారిన వెంటనే కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, చెంచాడు పెరుగో పాత తరవాణో తగిలించి, చల్లటి చోట మూతపెట్టండి. పొద్దున్నే తినీయాలి, మధ్యాహ్నం దాకా ఉంచకూడదు. జిగటగా సాగినా, పులుపు కాకుండా వేరే వాసన వచ్చినా గొడ్లకి కూడా వద్దు. ఏడాది లోపు పిల్లలకీ ఒంట్లో శక్తి లేనివాళ్ళకీ పెట్టకండి.

పేగుల్లో ఉన్న మంచి బాక్టీరియాకి తిండి కావాలి, అది పీచు. ఎంత ప్రోబయోటిక్ పోసినా తిండి లేకపోతే అవి ఉండవు. చోడి (రాగి) అంబలి, ఉలవలు, చిక్కుళ్ళు, అరటి దూట, పచ్చరటికాయ, తోటకూర, తాటి గేగులు, మనకి కొదవేం లేదు. చల్లారిన అన్నంలో కూడా అరగని పిండి కొంత తయారవుతుంది, పేగు చివర బాక్టీరియాకి అదే భోజనం. ఒక్కసారే పెంచీకండి, వారానికి కొంచెం చొప్పున పెంచి, నీళ్ళు కూడా ఎక్కువ తాగండి, లేకపోతే ఉబ్బరం వచ్చి మళ్ళీ షాపుకే వస్తారు.

షాపుకి వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీ, ఖాళీ అట్టలు అన్నీ ఒక కవర్లో వేసుకుని రండి. "తెల్ల మాత్ర, చిన్నది" అంటే ఏ షాపువాడికీ తెలీదు.